ఉమ్మి అడుక్కున్న రోజులు

ఎవరినైనా పెన్ను అడగొచ్చు, గొడుగు అడగొచ్చు, కాస్త చనువుంటే ఒక పూట బిడ్డను చూసిపెట్టమనీ అడగొచ్చు. “కొంచెం ఉమ్మి ఇస్తారా” అని అడగడానికి మాత్రం మొదటి వారం రోజులూ నాకు నోరు పెగల్లేదు. లేడీస్ హాస్టల్ మెట్ల దగ్గర ఐస్ డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని. అమ్మాయిలు పుస్తకాలతో, బకెట్లతో, జెండాలతో నా పక్కనుంచే వెళ్లిపోయేవాళ్లు. ఒకమ్మాయి ఆగి, డబ్బా వైపు ఆశగా చూసి, “ఏం ఫ్లేవర్లున్నయ్?” అని అడిగింది. ఏమీ లేవని చెప్పి ఇంటికి వచ్చేశాను.

అప్పటికి మా అమ్మాయికి పద్నాలుగు నెలలు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక పెళ్లి, పెళ్లయ్యాక పిల్ల. మూడేళ్లు చదువుకు దూరమై, పీహెచ్‌డీ కోసం మళ్లీ క్యాంపస్‌కి వచ్చాను. తార్నాకలో మా ఫ్లాట్ నుంచి డిపార్ట్‌మెంట్‌కు నడిస్తే ఇరవై నిమిషాలు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు కాబట్టి ఆ ఇరవై నిమిషాలు ఒక్కోసారి రెండు గంటలయ్యేవి. ఈ గేటు మూస్తే ఆ గేటు, ఆ గేటు మూస్తే గోడ పక్క సందు. ఎటునుంచి వెళ్లినా, ఇంట్లో పిల్ల ఏం చేస్తోందో అని గంటకోసారి ఫోన్ చేసేదాన్ని. ఫోన్ కలవకపోతే మాత్రం ఇక ఆ గంటంతా చేసిన పనేదీ చేసినట్టు కాదు.

నా పని చెప్పడానికి తేలిక. పళ్లు పుచ్చిపోవడానికి కారణమయ్యే బాక్టీరియా ఒకటుంది. మనం తిన్న తీపిని తనూ తిని ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం పంటిని తొలుస్తుంది. మనిషి నోట్లో వందల రకాల బాక్టీరియా ఉంటాయి. ఆ గుంపులోంచి ఈ ఒక్కదాన్నే బయటికి పిలిచి, ల్యాబ్‌లో పెంచి, లెక్కపెట్టాలి. ఖరీదైన పరికరాలు లేనివాళ్లు కూడా చేసుకోగలిగేలా ఆ పద్ధతిని బాగుచేయాలి.

గుండ్రటి ప్లేట్లో నీలంరంగు జెల్లీ పోసి గడ్డకట్టిస్తాం. అందులో మిఠాయికి వేసినట్టు పంచదార వేస్తాం, మిగతా రకాలను అడ్డుకోవడానికి ఒక యాంటీబయాటిక్ కూడా. దాని మీద పలచన చేసిన ఉమ్మి ఒక చుక్క పరుస్తాం. ఈ బాక్టీరియాకు మామూలు గాలి అంతగా పడదు. అందుకని ప్లేట్లను పెద్ద గాజు జాడీలో పేర్చి, పైన కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తాం. కాసేపటికి లోపల ఆక్సిజన్ తగ్గి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోతుంది. ఆ జాడీని ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో రెండు రోజులు ఉంచితే, నీలం మీద పటికబెల్లం రవ్వ చల్లినట్టు గరుకు చుక్కలు తేలతాయి. అవే మనకు కావలసినవి.

“ఆరు నెలల్లో కమిటీ కూర్చుంటుందమ్మా,” అన్నారు మా గైడు గారు మొదటి రోజే. “కొత్తవాళ్ల ఉమ్మి నుంచి వరసగా పది మంచి ప్లేట్లు చూపించు. చూపించలేకపోతే ఈ టాపిక్ మూసేస్తారు. నీ సీటు కోసం బయట ఇద్దరు కాచుకుని ఉన్నారు.”

ఇంట్లో షరతు కూడా దానికే ముడిపడింది. మా అత్తగారిది గుంటూరు వైపు. పాతికేళ్లుగా తార్నాకలో ఉన్నా మాట మాత్రం అక్కడిదే. “ఆ కమిటీయో ఏదో అయ్యేదాకా పిల్లని చూస్తానమ్మాయ్. ఆ తర్వాత నా మోకాళ్లు నా మాట వినవు,” అని ముందే చెప్పేశారు. నా పని ఏమిటో వివరంగా విన్నాక ఆవిడ అన్నది ఒకటే మాట: “ఎమ్మెస్సీ చదివింది ఊరందరి ఉమ్మీ పోగెయ్యడానికా!”

పద్ధతి నేర్చుకోవడానికి మొదట నా ఉమ్మే వాడాను. చుక్కలు పుష్కలంగా వచ్చాయి. గైడు సార్ తనదీ ఇచ్చారు. ఆయనవీ వచ్చాయి గానీ నా అంత కాదు. “నువ్వే మా బంగారు గనివి,” అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ బాక్టీరియా ఎక్కువగా తల్లి నోటినుంచే బిడ్డ నోట్లోకి వెళ్తుందని చదివి ఉన్నాను. ఆ సాయంత్రమే ఇంట్లో పిల్లకు వేరే చెంచా, వేరే గిన్నె, వేరే గ్లాసు పెట్టాను. అత్తగారు పప్పన్నం వేడి చూడటానికి పెదవికి ఆనించుకున్నారు. “అయ్యో, వద్దండీ!” అని నేను పెట్టిన కేకకి పిల్ల ఏడ్చింది. ముద్దు కూడా నెత్తిమీదే పెట్టేదాన్ని. నర్సరీకి వెళ్తున్న ఈ రోజుల్లో కూడా ముద్దు పెట్టబోతే అది తలే వంచుతుంది. అది పడుకున్నాక ఇది రాస్తూ ఉంటే నామీద నాకే నవ్వొస్తోంది, కాస్త బాధ కూడా.

ఇక హాస్టల్ మెట్ల దగ్గరికి వద్దాం. ఎనిమిదో రోజు ఒకమ్మాయి తిన్నగా నా ముందుకొచ్చి నిలబడింది. ఎం.ఏ. చదివే పిల్ల, నల్లగొండ వైపు పల్లె. ర్యాలీల్లో ముందుండి నినాదాలు ఇచ్చేది ఆమేనని తర్వాత తెలిసింది.

“ఏందక్కా, రోజొస్తున్నవ్, ఏం అడగవ్, పోతవ్. సీఐడీవా?”

విషయం చెప్పాను. ఆమె నన్నూ, నా డబ్బానూ మార్చి మార్చి చూసింది.

“ఏ ఊరు నీది?”

“పుట్టింది గుంటూరు. పెరిగింది ఇక్కడే.”

“గట్ల చెప్పు!” అని వెనక్కి తిరిగి మెట్ల మీదున్న వాళ్లందరికీ వినబడేలా అరిచింది. “నీళ్లు పాయె, నిధులు పాయె, నియామకాలు పాయె. ఇగ మన ఉమ్మి గూడ తీస్కపోతదంట ఈ అక్క!”

మెట్లన్నీ గొల్లుమన్నాయి. నేను డబ్బా మూసి కదలబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. “అరె, గుస్స గాకక్కా. మజాక్ చేసిన. ఉమ్మే గదా, ఎంత గావాలె? బకెట్ తెమ్మంటవా?”

ఆ నవ్వులో ఆమె కుడివైపు దవడ పన్ను కనబడింది. నల్లగా, మిరియపు గింజ దిగేంత గొయ్యి. ఆ పన్ను చూసి నేను లోపల్లోపల సంతోషించాను. దేవుడు క్షమించాలి గానీ, నా పనికి అంతకంటే మంచి నోరు దొరకదు.

ఆ రోజే పన్నెండు మంది ఒప్పుకున్నారు. ఒక్కొక్కరికీ చిన్న మైనం ముక్క ఇచ్చి నమలమనేదాన్ని. అది నమిలితే ఉమ్మి ఊరుతుంది. “రుచే లేదేందక్కా దీనికి, జర ఉప్పూ కారం అద్దరాదా,” అని గొణుగుతూ నమిలి, గొట్టంలో ఉమ్మి, నేనిచ్చిన ఫారం నింపేవాళ్లు. పళ్లు ఎప్పుడు తోముకున్నారు, ఏం తిన్నారు, ఏం తాగారు, మందులేమైనా వాడుతున్నారా. చాలా ఫారాల్లో ‘ఏం తినలే’ అని ఉండేది. మధ్యాహ్నం ర్యాలీ అయ్యాక తీరిగ్గా దొరికేవాళ్లు కాబట్టి అప్పుడే వెళ్లేదాన్ని. గొట్టాలను ఐస్ డబ్బాలో సర్దుకుని, బారికేడ్లు తప్పించుకుంటూ, గంటన్నరకో రెండు గంటలకో ల్యాబ్ చేరేదాన్ని.

రెండు రోజుల తర్వాత జాడీ తెరిచాను. పన్నెండు ప్లేట్లూ నీలంగా, నున్నగా, కడిగిన పలకల్లా ఉన్నాయి. ఒకటి రెండింట్లో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి చుక్క. వాటి పక్కనే నా ఉమ్మి పరిచిన ప్లేటు, ఎప్పటిలాగే కిటకిటలాడుతూ.

తప్పు జెల్లీలో ఉందనుకున్నాను. పంచదార పెంచాను. యాంటీబయాటిక్ తగ్గించాను, అలా తగ్గించేసరికి అక్కర్లేని రకాలన్నీ తివాచీ పరిచినట్టు పెరిగి, దేన్ని లెక్కపెట్టాలో తెలియకుండా పోయింది. కొవ్వొత్తి సరిగ్గా వెలగడం లేదేమోననుకున్నాను. బంద్ కారణంగా షాపులు మూసేసి, ల్యాబ్‌లో కొవ్వొత్తులు అయిపోయిన రోజున, మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు వెలిగించిన గులాబీరంగు ‘1’ అంకె కొవ్వొత్తిని బ్యాగులో పెట్టుకెళ్లి జాడీలో నిలబెట్టాను. సార్ అటుగా వచ్చి, జాడీలోకి వంగి చూసి, “హ్యాపీ బర్త్‌డే,” అని వెళ్లిపోయారు. సమ్మెతో కరెంటు కోతలు పెరిగాయి. ఇంక్యుబేటర్ చల్లబడకుండా లోపల వేడినీళ్ల సీసాలు పెట్టాను. ఎన్ని చేసినా నా ప్లేటు పండేది, హాస్టల్ ప్లేట్లు ఎండేవి. ఇలా ఐదు నెలలు గడిచాయి.

అప్పుడు సార్‌కి ఒక ఆలోచన వచ్చింది.

“మనం తప్పుగా చూస్తున్నామేమోనమ్మా. వీళ్లంతా పల్లెల నుంచి వచ్చినవాళ్లు. చిన్నప్పటినుంచీ వేపపుల్ల. నోళ్లు శుభ్రంగా ఉన్నాయి, అందుకే పెరగడం లేదు. పద్ధతి బాగానే ఉంది. ఇదే ఒక పేపరు!”

అప్పటికప్పుడు రెండు పేజీలు రాసేశారు కూడా. నిజం చెప్పాలంటే నా ప్రాణం లేచొచ్చింది. ఖాళీ ప్లేట్లే ఫలితమైతే కమిటీ ముందు ఖాళీ ప్లేట్లే పెట్టొచ్చు. సీటు నిలబడుతుంది. రెండు రోజులు ఆ సంతోషంతోనే తిరిగాను. కానీ కళ్లు మూసుకుంటే ఆ నల్లటి దవడ పన్నే కనబడేది. అంత గొయ్యి ఉన్న పన్నును నోట్లో పెట్టుకుని, ప్లేటు మీద ఒక్క చుక్క కూడా రాకుండా ఎలా ఉంటుంది?

కమిటీకి తొమ్మిది రోజులుందనగా క్యాంపస్ గేటు ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నేను డబ్బాతో అవతలికి దాటబోతుంటే ఆ అమ్మాయి నన్ను చూసి కేకేసింది. గొంతు పూర్తిగా బొంగురు.

“ఎటువోతవక్కా? రోడ్డు మనదే ఇయ్యాల. కూసో, తిను.”

విస్తరిలో అన్నం, పప్పు, వంకాయ కూర. తారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని తిన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే, పిల్ల నిద్రపోతోందని అత్తగారు చెప్పారు. మనసు కుదుటపడింది. భోజనాలయ్యాక మళ్లీ నినాదాలు మొదలవబోతున్నాయి. ఆ అమ్మాయి చున్నీ కొంగు ముడి విప్పి చిన్న రేకు డబ్బీ తీసింది. అందరూ చేతులు చాపారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లవంగం వేసింది. వాళ్లు దాన్ని కసుక్కున కొరికి బుగ్గన పెట్టుకున్నారు. నా చేతిలోనూ ఒకటి పడింది.

“పెట్టుకో అక్కా. గొంతు లేస్తది.”

పెట్టుకున్నాను. ఘాటు దిగింది, బుగ్గ మొద్దుబారింది, నాలుక చివర తిమ్మిరెక్కింది. పళ్ల డాక్టరు దగ్గర నొప్పి పన్ను మీద దూది అద్దినప్పటి మొద్దుదనం. నేను ఆ లవంగాన్ని అరచేతిలోకి ఉమ్ముకుని దానివైపే చూస్తూ ఉండిపోయాను. లవంగం నూనె క్రిములను చంపుతుందని ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో నేనే పరీక్షలో రాశాను.

“ఏందక్కా, గంత ఘాటున్నదా?”

“ఇది రోజూ పెట్టుకుంటారా?”

“ర్యాలీలు షురువైనప్పటి సంది. లేకుంటే గొంతులెట్ల లేస్తయ్? పొద్దుగాల్నుంచి పొద్దుమూకేదాక బుగ్గలనే ఉంటది.”

“మరి ఫారంలో రాయలేదేం?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “ఫారంల ఏం తిన్నవ్ అని ఉన్నది. లవంగం తినుడా, అక్కా?”

పక్కనున్న పిల్ల అందుకుంది. “ఉమ్మేటప్పుడు తీసి చేతుల పట్టుకుంటిమి గదా. మర్యాద తెల్వదా మాకు?”

గొట్టాల మూత తీస్తే వాసన రాలేదా అని అడుగుతారేమో. వచ్చింది. అది టూత్‌పేస్టు వాసనే అనుకున్నాను, ఐదు నెలలూ. ఆ లవంగం కలిసిన ఉమ్మి బారికేడ్ల వల్ల గొట్టంలో రెండేసి గంటలు నానేది. అలా ల్యాబ్ చేరేసరికి చచ్చినవి చావగా, మిగిలినవాటికి లేచే ఓపిక ఉండేది కాదు కాబోలు.

మర్నాడు సార్ గదిలోకి వెళ్లి చెప్పాను. వేపపుల్ల మీద రాసిన రెండు పేజీలు బల్ల మీదే ఉన్నాయి. ఆయన వాటిని దగ్గరికి లాక్కున్నారు.

“ఖాయమేనా?”

“పరీక్షించి చెప్తాను సార్. కానీ అదే అనుకుంటున్నాను.”

“అదే అయితే ఈ పేపరు లేదు. కమిటీకి చూపించడానికి నీ దగ్గర ఏమీ లేదు. ఎనిమిది రోజులుంది. తెలుసు కదా?”

“తెలుసు సార్.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు,” అని ఆ పేజీలు మడిచి డ్రాయర్లో పడేశారు. అది మెచ్చుకోలో చిరాకో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ పూటే నా ఉమ్మిని రెండు గొట్టాల్లో తీశాను. ఒకటి మామూలుగా, రెండోది లవంగం నమిలాక. రెండింటినీ బల్ల మీద రెండు గంటలు ఉంచి ప్లేట్ల మీద పరిచాను. రెండు రోజులకు మొదటిది నిండుగా వచ్చింది. రెండోదాంట్లో ఐదు చుక్కలు. నా బంగారు గని కూడా లవంగానికి మూతపడింది.

ఇంకో ఆరు రోజులు. అమ్మాయిలను అడగాలంటే జంకుగానే ఉంది. మర్నాడే బంద్, వాళ్లకు పెద్ద ర్యాలీ. గొంతు లేకుండా ర్యాలీకి పొమ్మని నేనెలా అంటాను?

“రాత్రి పడుకునే ముందునుంచే లవంగం ముట్టకండి. పొద్దున లేవగానే, పళ్లు తోమకుండా, ఏమీ నోట్లో వేసుకోకుండా ఒక్క ఐదు నిమిషాలు నాకివ్వండి. తర్వాత మీ ఇష్టం,” అన్నాను.

“గంతేనా?” అంది ఆ అమ్మాయి. “మరి ఇన్ని నెలలు మాతోని మైనమెందుకు నమిలిచ్చినవ్?”

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాను. ఈసారి డబ్బాలో ఐస్‌తో పాటు పలచన చేసే గొట్టాలు, నీలం ప్లేట్లు, అన్నీ సర్దుకున్నాను. ఉమ్మి గొట్టంలో నానకుండా హాస్టల్లోనే పరిచేద్దామని. గేటు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

“ఏమున్నదమ్మా డబ్బాల? తియ్యి.”

“ఉమ్మి తీసుకునే సామాను అండీ. ఉమ్మి పరీక్ష.”

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. “ఏం బీమారి?”

“పళ్లు.”

“పో, పో,” అని చేత్తో దూరం నుంచే దారి చూపించాడు. ఉద్యమం మొత్తంలో అంత త్వరగా నేను ఏ బారికేడూ దాటలేదు.

హాస్టల్ వరండాలో పన్నెండు మంది వరసగా నిలబడి ఉన్నారు, జుట్లు రేగి, నైటీల మీద చున్నీలు వేసుకుని. ఒక్కరూ మాట్లాడటం లేదు. పలకరిస్తే తలలూపుతున్నారు. కొందరి బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. నేనొచ్చేలోపు ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని ఉమ్మి నోట్లోనే కూడబెట్టుకుని నిలబడ్డారట. క్యాంపస్ అంతా అరిచే ఆ పిల్ల కూడా మూసిన నోటితో, త్వరగా కానియ్ అన్నట్టు కళ్లు పెద్దవి చేసి చేతులు తిప్పింది. నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వడం చూసి ఒకమ్మాయి నవ్వేసింది, ఆమె ఉమ్మి అంతా వరండా పాలైంది. ఆమెకు మాత్రం మైనం ఇవ్వాల్సి వచ్చింది. వార్డెన్ గది బల్ల తుడిచి, స్పిరిట్ దీపం వెలిగించి, అక్కడే ప్లేట్ల మీద పరిచాను. ఆఖరిది పూర్తవకముందే రేకు డబ్బీ బయటికొచ్చింది.

రెండు రోజుల తర్వాత జాడీ మూత తీశాను. పన్నెండింటిలో పదకొండు ప్లేట్ల మీద చుక్కలు. గరుకుగా, గుంపులు గుంపులుగా, ఎక్కడెక్కడివో చుట్టాలొచ్చి కూర్చున్నట్టు. పన్నెండోది ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. నేను ఒక్కదాన్నే ఆ గదిలో స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి పిల్ల అన్నం తిందా అని అడిగాను.

సాయంత్రం నల్ల పన్ను అమ్మాయి తన ప్లేటు చూస్తానని వచ్చింది. అన్నిట్లోకీ ఒత్తుగా ఉన్నది ఆమెదే.

“గివన్నీ నా నోట్లయేనా?”

“నీవే. ఆ పన్ను డాక్టరుకి చూపించుకో, పుచ్చు లోపలికి పోతోంది.”

“తెలంగాణ వచ్చినంక పీకిచ్చుకుంట,” అంది. ఆ మాట అంటూనే మిగతా ప్లేట్లన్నీ తన ప్లేటుతో పోల్చి చూసుకుంది. “కానీ ఫస్టు నేనే గదా అక్కా?”

కమిటీ రోజున ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. పదకొండు ప్లేట్లు బల్ల మీద పరిచాను. లవంగం సంగతీ, ఐదు నెలలు అది తెలుసుకోలేకపోవడమూ, ఫారంలో అడగకపోవడం నా తప్పేననీ, అన్నీ చెప్పాను. వారిలో వయసులో పెద్దావిడ కళ్లజోడు ముక్కు మీదికి దించి, “ఇంకా ఏమేం అడగలేదు?” అన్నారు. నేను నా ఫారం తిరగేశాను. “వక్క? సోంపు? పండ్లపొడి? పొగాకు?” అని ఆవిడే వేళ్లు మడిచారు. “అవన్నీ రాసుకో. ఏడాది ఇస్తున్నాం. ఇంకో నలభై మంది కావాలి, అందరూ ఒక్క హాస్టల్ వాళ్లే అయితే కుదరదు.”

సార్ తలుపు దాకా వచ్చి, “రామంతాపూర్‌లో మా చెల్లెలి అపార్ట్‌మెంట్ ఉంది. అక్కడ మొదలుపెట్టు. వాళ్లకి వక్కలు జాస్తి,” అన్నారు.

బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాను. వెనకాల పిల్ల గిన్నెలు మోగిస్తున్న చప్పుడు.

“కమిటీ అయిపోయిందా అమ్మాయ్?” అన్నారు అత్తగారు.

“అయిపోయిందండీ.”

“అయితే రేపట్నుంచి ఇంట్లోనే కదా.”

“ఇంకో ఏడాది వెళ్లాలండీ. ఇచ్చారు.”

అటువైపు పిల్ల ఇంకా గిన్నెలు మోగిస్తూనే ఉంది. ఇక మోకాళ్ల సంగతి ఎత్తుతారనే అనుకున్నాను.

“సరే,” అన్నారు చివరికి. “వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు రెండెక్కువ పట్రా. రేపు కూడా బందేనట. నీకు పొద్దున్నే వెళ్లే పనుంటే ఇప్పుడే చెప్పు, పిల్లని నా పక్కన పడుకోబెట్టుకుంటాను.”